తరుగు

బస్తాకు రెండు కిలోలు.
తాలుకింత, తేమకింత, మట్టికింత,
మిల్లోని మనసుకింత.
పుస్తకంల రాసేది నేనే,
మహిళా సంఘం లెక్కలన్నీ నా చేతిరాత.
గాదె ఐలోని నా కలం దిక్కే చూస్తడు
కంట్లె నలుసు పడ్డట్టు.

నెక్కొండ టేషను అవుతల, పట్టాల పొంటి
పదహారు కుప్పలు, పదకొండు దినాలు.
సంచులొస్తే లారీ రాదు,
లారీ వస్తే హమాలీలు సాలరు,
అన్నీ కుదిరిన్నాడు మొగులైతది.
ఢిల్లీ పోయే బండ్లు మా ముంగట్నుంచే పోతయి,
ఆగవు.
వాటి గాలికి పైపొర వడ్లు నాలుగు లేసి
మళ్ల అక్కడ్నే పడ్తయి.

రాత్రి కరెంటు పోయి
కాంటా పక్కన కూసున్నం.
ఓదేలు ఫోన్ల వార్త చదివిండు:
పెద్ద సభల కుర్చీలు ఇంకిన్ని పెరుగుతయట,
జీతం పెరిగిందట, బత్తెం పెరిగిందట,
బంగ్ల ఉండనే ఉండె, విమానం టికెట్లు ఉండనే ఉండె.
ఒక్కపాలి గెలిచి కూసున్నోనికి
సచ్చేదాక పింఛను.
ఫోను బోర్లేసి
నడుం పట్టుకొని లేసిండు.
ఇరవై రెండేండ్లు మోసిన నడుం అది,
బస్తాకింత అని లెక్క,
మోయని దినానికి ఏం లేదు.

"అక్కా, ఆ సభను ఒక్కసారి
మన కాంటా మీదికి తెప్పియ్యరాదు?"

నవ్వినం. చీకట్ల తలా ఒక మాట కలిపినం.
ముందుగాల తేమ మిషన్ల పెట్టాలె.
ఓట్లప్పటి కండ్లనీళ్లు పదిహేడు దాటితే
మా లెక్కనే రోడ్డు మీద ఎండవోయాలె,
వాన మబ్బు పడితే పట్టా కప్పుకొని వాళ్లే కావలి పండాలె.
తర్వాత తాలు మిషను.
సంతకం పెట్టి క్యాంటీన్ దిక్కు నడిచెటోడు,
ఐదేండ్లల్ల ఒక్క మాట అడగనోడు,
అడిగినా పక్కోడు రాసిచ్చిన కాయితమే చదివెటోడు
ఎగిరి పోయి గడ్డిల పడాలె.
మిగిలినోళ్లకు
పని చేసిన దినానికే కూలి,
బస్తాకింత.

ఐలోనికి నవ్వు రాలె.
"సగం మందిని తీసేస్తే
మన దిక్కోడు ఉంటడా, పోతడా?
ఏది కోసినా చివరి మడికాన్నే మొదలువెడ్తరు గద."
దానికి నా తాన జవాబు లేదు.
ఓదేలే అన్నడు,
"ఇప్పుడు ఉన్నడని నీకెట్ల ఎరుక?"

ఎరుక లేకేం.
కేంద్రం తెరిచిన్నాడు వచ్చిండు.
ఏడు బండ్లు, ఒక రిబ్బను,
పళ్లెంల కత్తెర, కత్తెర కింద పువ్వులు.
రెండు గంటలు తూకం ఆపినం.
కాంటా ఎక్కి నిలవడి ఫోటో దిగిండు.
అప్పటికి మాకు కరెంటియ్యలె,
కాంటా ఏం చూపియ్యలె,
సున్న గూడ.

పొద్దుగాల తాలు మిషన్ తిప్పినం.
దుమ్ము లేసి, పొట్టు లేసి
కుప్ప సన్నగైంది.
ఐలోని దోసిట్ల వడ్లు తీసుకొని ఊదిండు.
ఒక్క గింజ లేవలె.
"చిన్నగైతే ఏంది,
ఇగో, ఇప్పుడిది కుప్ప" అన్నడు.
అన్నోని మొకం చూడకుంట
బస్తాకు రెండు కిలోలు రాసిన.
తాలు లేని వడ్లకు గూడ.
ఎందుకంటే మిల్లోడు ఊకోడు,
మిల్లోని మీదోడు ఊకోడు,
కింద ఉన్నది ఐలోని ఒక్కడే.

వాడు పోయినంక
పేజీ అంచుకు, పెన్సిల్‌తోని,
ఇంకో వరుస గీసిన.
పేరు: ఢిల్లీ.
బస్తాలు: తెల్వది.
తరుగు:

అంతవరకు వచ్చేసరికి బండి వచ్చింది.
బల్ల అదిరింది,
పెన్సిల్ గీత
కాయితం దాటి పోయింది.