పదమూడో ఎక్కం

ఓండ్రా భుజాలు పట్టలేదు.
బ్ర్నో నుంచి వచ్చిన కుర్రాడు, ఆరడుగుల పైమాటే,
బాన మూతి దగ్గరే ఇరుక్కుని నవ్వాడు.
అందరూ నావైపు తిరిగారు.

స్కూలు ఫోటోలన్నిట్లో ముందు వరుసలో
పలక పట్టించి కూర్చోబెట్టిన ఒళ్ళు నాది.
జార్జియాలో, ఇమెరెతి కొండల కింద,
గురామ్ తాత ద్రాక్షతోటలో
ముప్పై రెండేళ్ళకి దానికో ఉద్యోగం దొరికింది.

ఉద్యోగమంటే జీతం కాదు.
రోజుకి అయిదు గంటల పని.
బదులుగా మేడమీద ఇనప మంచం,
త్సియాలా బామ్మ మొక్కజొన్న రొట్టె, చిక్కుడుగింజల కూర,
ఎవరు ఎవరికి బాకీయో ఎవరూ రాసుకోని లెక్క.
పదకొండు కిలోల సంచీతో దిగినదాన్ని.
మొదటి వారమంతా తీగల కింద కలుపు.
పార కర్ర అరచేతుల్లో బొబ్బలు పెడితే
బామ్మ రాత్రిపూట ఇంటిసారా పోసి కడిగేది,
నేను అరిస్తే తనూ అరిచేది, తోడుగా.

ఇక బాన.
పెరట్లో మెడదాకా పాతిపెట్టిన మట్టి బాన.
వాళ్ళు చూరి అన్నారు. నేను మనసులో పాతర అన్నాను.
పండు కోతకొచ్చేలోగా
మనిషి దిగి కడగాలి దాన్ని.
ముందు కొవ్వొత్తిని తాడుకట్టి దింపారు.
అది ఆరిపోతే దిగకూడదట.
ఆరలేదు.
దిగాను.

లోపల్నించి ఆకాశం ఓ సత్తు పళ్ళెం.
అంచున గురామ్ తల, తెల్ల మీసం తలకిందులుగా.
చెర్రీ బెరడు కుంచెతో గోడ రుద్దుతున్నాను,
నిరుటి పులుపు, తేనెమైనం, తడిమన్ను.
“ఇలాపరాకే!” అన్నాడు పైనుంచి.
రుద్దమంటున్నాడనుకుని ఇంకా గట్టిగా రుద్దాను.
“ఇలాపరాకే, గోగో!”
ఓండ్రా వంగి విడమరిచాడు:
మాట్లాడమంటున్నాడు, పిల్లా, మాట్లాడుతూనే ఉండమంటున్నాడు.
గొంతు ఆగిందంటే
లోపల గాలి చెడిందని, పైకి లాగేయాలని.

ఏం మాట్లాడను?
నాలుగు నెలలుగా మూడు దేశాల్లో
నేను మాట్లాడినవల్లా నమస్కారం, ఉప్పు, చాలు, ఎటు.
పాటలేవీ పల్లవి దాటి రాలేదు.
ఎక్కడో అడుగున గసిలా పేరుకున్నది
కదిలి పైకి తేలింది

పదమూడొకట్ల పదమూడు
పదమూడు రెళ్ళు ఇరవయ్యారు

బాన అందుకుంది.
ఒక్కో అంకెనీ గుండ్రంగా తిప్పి
నాకంటే లావుపాటి గొంతుతో నాకే అప్పజెప్పింది.
కుంచె దానికి తాళం.
కడుపులో పెట్టుకుని చూసుకోవడమంటే
ఇంత చల్లగా, ఇంత ఇరుగ్గా ఉంటుందని తెలీదు.

పదమూడు ఆర్లు డెబ్బయ్యెనిమిది
పదమూడు ఏళ్ళు

అక్కడే. ఎప్పుడూ అక్కడే.
అయిదో తరగతిలో వసుంధర టీచరు
గోడకుర్చీ వేయించిందీ అక్కడే.
తర్వాత తొమ్మిదేళ్ళ బ్యాంకు ఉద్యోగంలో
ఎవ్వరూ నోటిలెక్క అడగలేదు.

నా మౌనం బానంతా నిండింది.
నిచ్చెన కదిలింది.
“పద్ముదు!”
అర్థం తెలియని మాటని
తాడులా కిందికి విసిరాడు గురామ్.
“పద్ముదు! పద్ముదు!”

పట్టుకున్నాను.
మళ్ళీ ఒకట్ల నుంచి.
ఏళ్ళ దగ్గరికొచ్చి ఏదో ఒకటి అనేశాను,
ఎనభై తొమ్మిదనో, తొంభై మూడనో.
పైన ఎవరూ బెత్తం తీయలేదు.

ఆ రాత్రి గ్లాసు ఎత్తి నిలబడ్డాడు గురామ్.
చనిపోయినవాళ్ళకి ఒకటి, రాబోయే పంటకి ఒకటి,
మూడోది నా కళ్ళలోకి చూస్తూ, దీవెనలా:
“పద్ముదు!”
బల్లంతా లేచింది. పద్ముదు! పద్ముదు!
ఓండ్రా కూడా. బామ్మ కళ్ళు తుడుచుకుంది.
అది ఒట్టి అంకె అని,
ఆ అంతస్తుకి నంబరే వేయని హోటళ్ళున్నాయని
నేనేం చెప్పలేదు.
తాగాను.

పండు కోయకముందే నా వీసా అయిపోయింది.
ఆ బానలో రసం పోసేదీ, మట్టితో మూత మెత్తేదీ
వసంతంలో మూత తీసేదీ ఎవరో.
అప్పటికి నేను ఏ దేశంలో ఏ ఉల్లిమడిలో
మోకాళ్ళమీద ఉంటానో.

మార్షుత్కా క్విరిలా వంతెన దాటుతుండగా
తొంభై ఒకటి.
పైకే అనేశాను.
డ్రైవరు అద్దంలోంచి చూసి
ఇక్కడ దిగుతావా అన్నట్టు
బండి ఆపాడు.