తొంభై రోజుల మినహాయింపు

శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నర.
నల్లగొండ నీళ్ల ఆఫీసు, మేడ మీది గది.
సర్వరు డబ్బా వెచ్చగుంది,
దాని మీదే నా టిఫిను గిన్నె.

మార్చాల్సింది ఒక్క మాట:
తెలువని యంత్రాన్ని "రానియ్యి" అని ఉన్నకాడ
"రానియ్యకు".

రెండు వందల పద్నాలుగు.
ఒక్కొక్కటి తలుపు కాడికొచ్చి
తన సర్టిఫికెట్ చూపిస్తది.
ఎవరిచ్చిండ్రు, ఎప్పటిదాక చెల్లుతది,
రద్దయిన జాబితాల ఉందా?
సర్వరు అడుగుతది, కోపం లేదు, నవ్వు లేదు.

మా అమ్మమ్మ ఊర్ల ఇంకో తీరు.
బస్సు దిగినోళ్లను అరుగు మీది పెద్దమనిషి ఆపి
"ఎవల పిల్లవు?" అనేటోడు.
నీ పేరు సాలదు, తాత పేరు చెప్పాలె.
కొందరి తాత పేరు వింటే
చేతిల చుట్ట పక్కకు పెట్టెటోడు.
కొందరిదైతే, చూపు.
మా తాతకు ఎప్పుడూ చూపే.

పదకొండింటికి
రెండు వందల పదమూడు పచ్చగైనయి.
ఒకటి ఎర్రగనే.
నిద్రొచ్చి లేచిన.

పొద్దుగాల ఏడింటికి ఫోను, ల్యాబు బుచ్చిరాములు:
"మేడం, మిషిన్ పలుకుతలేదు.
మర్రిగూడ దిక్కు నుంచి పదహారు సీసాలొచ్చినయి.
ఎండల ఉన్నయి."

పోయి చూసిన.
పసుపు పట్టిన తెల్ల డబ్బా.
కన్న కంపెనీయే దాన్ని ఇడిసిపెట్టి పన్నెండేండ్లు.
సర్టిఫికెట్ పెట్టుకునే జేబు లేదు దానికి.
ఉన్నదల్లా కార్డు మీద పుట్టుమచ్చ లెక్క ఒక నంబరు,
దొంగలెవరైనా దిద్దుకోగల నంబరు.
కానీ ఫ్లోరైడు మీటరు
దాని మాటే ఇంటది.

"కొత్తది అడగొచ్చు గదా?"
"రాసినం. మూడేండ్లాయె."
సీసాను మోచేతుల నడుమ ఇరికించి
మూత తిప్పుతున్నడు,
ఆయన వేళ్లు ఎన్నడో ఆయన మాట ఇనుడు మానేసినయి.

పాలసీల ఒక దారి ఉంది:
నంబరు చూసి రానియ్యి,
కానీ వేరే వాడల ఉంచు.
మిగతా వాటిని తాకనియ్యకు.
రిపోర్టు పోయేటందుకు ఒక్క సందు తెరువు.
తెర అడిగింది: ఆ వాడకు పేరు?

చేతులు ఆగినయి.
తప్పు కాదిది. పాతదానికి పురుగు పడితే
రాత్రికి రాత్రి అన్నిటికీ పడతది.
యంత్రానికి అవమానం తెలువదు. ఇదంతా నేనే
నేర్పుత కొత్తగ వచ్చినోళ్లకు.
అయినా
ఊరవతల గీత గీసే చెయ్యి
మా ఇంటి చెయ్యి అయితదని
ఎవరనుకున్నరు?

పేరు గడిల "నీళ్లు" అని కొట్టిన.
కారణం గడిల అరవై అక్షరాలే పడతయి.
"సీసాలు ఎండల ఉన్నయి."
గడువు: తొంభై రోజులు,
అంతకంటే ఎక్కువ నాకు కూడ అధికారం లేదు.

ఎరుపు పోయి పచ్చ రాలేదు,
పసుపు వచ్చింది.
మొదటి సీసా అంకె వణికి వణికి
నాలుగు దాటి నిలబడ్డది.
బుచ్చిరాములు దాన్ని సూడలేదు,
అది ఆయనకు తెలిసిన అంకెనే.

గోడ క్యాలెండరు మూడు కాయితాలు లేపి
"తొంభై అంటే ఏ తారీకు మేడం?" అని
పెన్సిలు రెండు అరచేతుల నడుమ పట్టి
ఒక సున్న చుట్టిండు.
ఆ పొద్దు ఏడింటికి మళ్ల
ఫోను చేస్తనన్నడు.