కారణం: జారిపడుట

కొండవాలు మీద పెద్దాసుపత్రి. మా ఎక్స్‌రే గదిలో
పగలు కూడా చీకటే.
ర్యాంపు దిగి రోడ్డు దాటితే సముద్రం.
లోపల మనుషులు,
ఊపిరి బిగబట్టండి అనకముందే
బిగబట్టి ఉన్నవాళ్లు.

పంతొమ్మిదేళ్లుగా ఎముకలు చూస్తున్నాను.
జారిపడ్డ ఎముక నాకు తెలుసు.
పడేవాడు అరచేత్తో నేలని ఆపబోతాడు,
మణికట్టు దగ్గర విరుగుతుంది.
బాత్రూముల్లో ముసలమ్మలు,
తడిసిన సింహాచలం మెట్ల మీద మొక్కున్నవాళ్లు,
హార్బర్లో ఐసు పెట్టెలు మోసేవాళ్లు,
అందరిదీ మణికట్టే.

ఇది ముంజేతి మధ్యలో.
చిటికెనవేలి వైపు ఎముక,
అడ్డంగా ఒక్క గీత.
తల కాచుకోడానికి చెయ్యి అడ్డం పెడితే
విరిగేది ఇక్కడ.

"ఎలా తగిలింది?"
చోడిపల్లి ఎల్లాజీ, ఇరవై రెండేళ్లు, పెద జాలారిపేట.
తలుపు దగ్గరున్న బూట్ల వైపు చూశాడు.
"జారిపడిపోనానండి."
"ఎక్కడ?"
ఆలోచించాడు. పాపం, ఎక్కడో ఎవరూ చెప్పి పంపలేదు.
"పడవలోన."
వేట బందు రోజులు. పడవలన్నీ ఇసకలో బోర్లా ఉన్నాయి.
నాకూ తెలుసు. బూట్లకీ తెలుసు.

వాళ్లమ్మ బయట బల్ల చివర కూచుంది.
రేవులో వేలం పాడితే
మూడు పడవల అవతలికి వినిపించే గొంతట.
నన్ను గోడవారకి పిలిచి
పెదాలు మాత్రం కదిపింది:
"ఏటీ రాయకు బాబూ.
రేపు మావోడు మళ్లీ ఆ దారమ్మటే ఎల్లాల."

రిజిస్టర్లో కారణం అని ఒక గడి ఉంటుంది.
రెండంగుళాలు.
జారిపడుట, అని రాశాను.
నా చేతిరాత బాగుంటుందని అందరూ అంటారు.

కూడా వచ్చిన కానిస్టేబులు కుర్రాడే.
టీ తాగుతారా అని అడిగాను. ఎందుకడిగానో.
భయం ఒక్కోసారి మర్యాదలా ఉంటుంది.
వద్దన్నాడు. ఫిల్ము వైపు చూడలేదు.
"ఎన్నాళ్లకి అతుక్కుద్ది సార్?"
ఆరు వారాలు.
వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు,
కట్టు తనకే కట్టినట్టు.

ఆ రాత్రి డ్యూటీ దిగి
బీచ్ రోడ్డు మీద స్కూటరు.
అడ్డంగా బారికేడ్లు, మొహం మీద టార్చి.
లైసెన్సుంది. హెల్మెట్టుంది. ఇన్సూరెన్సు మొన్ననే కట్టాను.
ఎవరూ ఏమీ అనలేదు.
లాఠీ కూడా ముసలాయన గొడుగులా చంకలో నిద్రపోతోంది.
కానీ నా ఎడమ చెయ్యి,
నేనేం చెప్పలేదు దానికి,
మోచేతి దగ్గర మడిచి లేచి
కణత దాకా వచ్చి ఆగింది.
"ఏంటి మాస్టారూ, సెల్యూటా? అదీ ఎడం చేత్తో?"
నవ్వాడతను.
నేనూ నవ్వాను.
ఎదర కొండ మీద లైట్‌హౌస్ వెలుగు
మా ఇద్దర్నీ ఒకసారి తుడిచి
నీళ్ల మీదికి వెళ్లిపోయింది.
ఇంటికెళ్లి చాలాసేపు
చొక్కా చెయ్యి పైకి మడిచి చూసుకున్నాను.
ఏమీ లేదు. ఎముక నిక్షేపంలా ఉంది.

ఆరు వారాలకి ఎల్లాజీ రాలేదు.
కట్టు ఎవరు విప్పారో, విప్పారో లేదో.
పాత పేజీలు తిప్పి లెక్కపెట్టాను.
ఆ ఎండాకాలంలో, చుక్క వాన లేని ఊళ్లో,
నా చక్కటి చేతిరాతలో
పదకొండుమంది జారిపడ్డారు.

ఇవాళ పన్నెండో మనిషి.
కంచరపాలెం, పండ్ల బండి, యాభై దాటాయి.
ముంజెయ్యిని పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని వచ్చాడు.
వెనకాల బూట్లు.
పెన్ను మూత పెట్టి లేచాను.
"రేడియేషనండీ, బయట నిలబడాలి,"
గొంతు కొంచెం వణికింది, అబద్ధమెందుకు,
అని తలుపు మూశాను.

ఆ రూలు పంతొమ్మిదేళ్లుగా
ఆ తలుపు మీదే రాసుంది.