కౌంటరుకి ఇవతల

ఇరవై రెండేళ్లు అద్దం వెనక
తడి స్పాంజికి వేలు అద్ది
నోట్లు లెక్కపెట్టాను.
కంతలోంచి చేతులొచ్చేవి,
మనుషులు తగిలేవాళ్లు కాదు.

ఇప్పుడు పెరంబూరులో మేడ మీద గది.
నువ్వుల నూనె, వేడినీళ్లు, కిర్రుమనే ఫ్యాను.
నేర్చుకునేచోట అందరికన్నా పెద్దదాన్ని.
"ఆంటీ, ముందు గోళ్లు తీసెయ్యండి" అన్నారు పిల్లలు.

ఇవాళ చేపలమ్మే సెల్వమణి
బోర్లా పడుకుంది.
మెడ దగ్గర మొదలుపెట్టి
ఒక్కో పూసా లెక్కపెడుతూ దిగాను,
పాత అలవాటు.
నాలుగో పూస పక్కన లెక్క ఆగింది.
గంప మోసి మోసి గట్టిపడ్డ ముడి.
బొటనవేలు ఆనించి ఊరుకున్నాను.
చాలాసేపటికి "అమ్మాడీ" అంది,
నాతో కాదు.

ఇచ్చిన నోట్లు చేప వాసన.
అలాగే డబ్బాలో వేశాను.
రాత్రి చూస్తే యాభై తక్కువ.
ఆ రోజుల్లో అయితే
తెల్లార్లూ కన్ను మూతపడేది కాదు.