నీళ్ళారేదాకా

చీమకుర్తి రాయి నల్లన.
నలుపులో ఇత్తడి పొడి చల్లినట్టు చుక్కలు.
పాలిష్ లైను చివర నా కొలువు:
పలక మీద చెంబెడు నీళ్ళు పోసి
ఆరేదాకా చూస్తూ నిలబడ్డం.
అంతా ఆరాక కూడా
వెంట్రుకంత తడి ఎక్కడన్నా మిగిలితే
అది పగులు.

పందొమ్మిదేళ్ళలో నేను వదిలేసింది ఒక్కటే.
ఓడెక్కి పోయి
ఎవరింటి కిచెన్ గట్టుగానో రెండు ముక్కలైంది.
ఓనరు తిట్టలేదు.
"పోన్లే మాల్యాద్రీ" అన్నాడు.
ఆ పోన్లే దగ్గర్నించే మొదలు.

పోసిన పలక మీదే రెండోసారి,
ఏడోసారి,
లారీకి తాళ్ళు బిగించాక పైకెక్కి టార్చి పట్టుకుని.
ఇంటికొస్తే గ్యాసు మీట,
తలుపు గడియ,
నిద్రపోయే పిల్ల గుండెల మీద చెయ్యి.
మీట కట్టేసే ఉందని నాకు తెలుసు.
తెలిసింది చేతిదాకా రాదు, అదీ తెగులు.

ఒక రాత్రి పెంచలమ్మ
స్టవ్వుకీ నాకూ నడుమ పీటేసుక్కూర్చుని
"నన్నడుగు, నే జెప్తా" అంది.
నలభైసార్లు చెప్పింది పాపం.
నలభై ఒకటోసారికి ఏడ్చింది.

నెల్లూరు, పొగతోట.
తహసీన్ డాక్టరమ్మ అంది,
"ఈ జబ్బున్నోళ్ళు అరవై మంది, లేనోళ్ళు అరవై మంది,
మెదడులో రసాయనాలు కొలుస్తున్నాం, వస్తారా?"
ఉంగరం తీయించారు, వెండి మొలతాడు తీయించారు,
గొట్టంలోకి తోశారు.
కదలొద్దన్నారు.
డగడగడగ. టక్. టక్. గీఁ...
ఓరి, ఇది మా కోత షెడ్డే!
జనం జడుసుకునే ఆ మోతలో
మూడ్నెల్ల తర్వాత
నాకు కునుకు పట్టింది.

తెర మీద నా తల.
పలకలు కోసినట్టే కోశారు, రంపం లేకుండా.
నలుపు. నలుపులో తెల్లటి మడతలు.
వంగి చూశా, ఏటవాలుగా చూశా,
వేలితో తెర తుడిచి చూశా.
ఎక్కడమ్మా పగులు?

నవ్వలేదావిడ.
నుదుటి వెనక అగ్గిపెట్టెకన్నా చిన్న గడి చూపించి
"గ్లుటమేట్ అనేది ఇక్కడ కొలిచాం" అంది.
"ఒక కణం ఇంకో కణంతో 'కానీ, కానీ' అనే మాట అది.
'ఇక చాలు' అనేది ఇంకోటి, గాబా.
అరవై మందినీ కలిపి సగటు తీస్తే
'కానీ' కాస్త గట్టిగా వినపడుతోంది.
కాస్తే.
వేరేచోట కొలిస్తే తేలనూ లేదు.
మీ ఒక్కరి బొమ్మ చూసి
ఉందనీ చెప్పలేను, లేదనీ చెప్పలేను."

గ్లుటమేట్.
ఒంగోలు బస్టాండులో ఫ్రైడ్‌రైస్ బండివాడు
చిటికెడు విసిరే తెల్లప్పొడిదీ ఆ వంశమేనట.
తినడం మానాలా అని అడిగా.
"దానికీ దీనికీ సంబంధం లేదు, తినండి."
మళ్ళీ అడిగా.
మూడోసారి నోరు తెరవబోతే చెయ్యెత్తి ఆపింది.
"ఇదిగో. ఇదే."

పందొమ్మిదేళ్ళు రాతిలో పగులు వెతికినోణ్ణి,
నాలో కూడా ఒక గీత దొరికితే
రంగుసుద్దతో గుండ్రం చుట్టి
పక్కన పెట్టించుకుందామనుకున్నా.
గీత లేదు.
ఆగాల్సిన చోట ఆగని ఒక మాట.
అంతే.

పొద్దున మాత్ర.
దాంతోపాటు వారం వారం హోంవర్కు:
ఒక్కసారి నీళ్ళు, ఒక్కసారి చూపు,
ఆ పైన వీపు తిప్పడం.
దడ వస్తే రానివ్వడం.
దాన్నీ ఆరనివ్వడం.

ఇవాళ రెండొందల పద్నాలుగో పలక.
పోశా. ఆరింది.
ఎడమ మూల ఏదో మెరిసింది,
తడో, చుక్కో.
వీపు తిప్పా.

టీ కుర్రాడు గ్లాసు చేతికిచ్చాడు.
చెయ్యి వణికి సగం నేల మీద ఒలికింది.
రాతిదుమ్ములో ఆ తడి
అంచుల్నించి మెల్లగా ఆరుతోంది.

పూర్తిగా ఆరేదాకా
చూడకుండా ఉండగలనా?
సగందాకా ఉన్నా.