పెన్సిల్ పట్టేంత సందు

పెన్సిల్ పట్టిందంటే ఎలుక పట్టినట్టే,
అన్నడు ఖాజా భాయ్,
చెవి మీది పెన్సిల్ తీసి నా చేతుల పెట్టి.
ఇరవై ఏండ్ల సంది క్యారవాన్ల వైర్లు అతుకుతున్న మనిషి,
ఆయన మాటకు కొలత ఉంటది.

షూటింగులు బందై నలభై రోజులు.
రహమత్ నగర్ దిగుడుల, రేకుల షెడ్డు పక్కన
మా బండి నిలబడ్డ కాడనే నిలబడ్డది.
టైర్ల చుట్టూ గరిక మొలిచింది.
అటు బిర్యానీ హోటల్ ఎన్క దిక్కు, ఇటు బియ్యం గోదాం,
నడుమ వాన.
ఎలుకలకు దారి నేను చెప్పాల్నా?

మొదాలు సోఫా కొరికినయి.
తర్వాత అద్దం చుట్టూ బల్బుల వైరు:
పన్నెండిట్ల ఏడు పోయినయి.
హీరోయిన్ కూసునే కుర్చీ మీద
నల్ల జీలకర్ర లెక్క పెంటికలు.
ఓనరు ఫోన్ల ఒక్కటే మాట:
"విఠోబా, ఎలుకలన్న ఉండాలె, నువ్వన్న ఉండాలె."

కలరా ఉండలు ఏసిన. వాటితోని గోలీలాడుకున్నయి.
బోనుల ఎండు రొయ్య గుచ్చిన.
పొద్దుగాల చూస్తే బోను మూసే ఉంది,
లోపల రొయ్య లేదు, ఎలుకా లేదు.
పుదీనా నూనెల దూది ముంచి మూలమూలకు పెట్టిన;
రెండు దినాలు బండంత పచ్చడి వాసన,
మూడో దినం ఆ దూదే మాయం.
మందు పెడుదామంటే
చందాకొచ్చిన వినాయకుని పందిరి పోరలు
"చంపకన్నా, సామి బండి అది" అన్నరు.
సామి బండికి పార్కింగు మా బండ్లనే దొరికిందా?

అప్పుడు చెప్పిండు ఖాజా భాయ్:
"రాత్రి కానీ. లోపల లైట్లన్నీ వెయ్యి.
కిందికి పోయి ఎల్లెల్కల పండు."

గోనె సంచి పరుచుకొని బండి కిందికి జొర్రిన.
కంకర వీపుల దిగుతున్నది.
కండ్లు తెరిస్తే
ఆకాశం.
గ్యాసు పైపు పక్కన ఒంటి చుక్క,
నీళ్ల ట్యాంకు కాడ వరుసగ మూడు, గొర్రు కొయ్యలు,
మెట్ల మడత కాడ గుంపుగ పిల్లల కోడి.
హైదరాబాదుకొచ్చినంక
ఇన్ని చుక్కలు ఒక్కపారి చూసుడు ఇదే.

ఒక్కొక్క చుక్కను పెన్సిల్‌తోని పొడిచి చూసిన.
పట్టనిదాన్ని ఇడిసిపెట్టిన.
పట్టినదాంట్ల ఇనుప పీచు కుక్కి,
సన్న జాలి కొట్టి, అంచులకు లప్పం మెత్తిన.
ఒక్కటి ఆరితే ఒక్క జానెడు జరిగిన.
గొర్రు కొయ్యలు ఆరినయి.
కోడి ఆరింది, పిల్లలు ఒకటెన్క ఒకటి ఆరినయి.
రాత్రి మూడింటికి బండి కడుపు కింద
గడ్డకట్టిన చీకటి.

ఖాజా భాయ్‌కి ఒక ముచ్చట చెప్పలే.
కృష్ణానగర్ల రూము ఇడిసి పదకొండు రోజులాయె.
మూడు నెలల కిరాయి బాకీ,
బొంతా బకెట్టూ ఆడనే ఉన్నయి.
రాత్రి పదైతే నేను సుత ఈ బండ్లకే జొర్రుతున్న.
తాళంచెవి ఉన్నోనికి పెన్సిల్ కొలత లేదు.
సోఫా మీద పండ, మడతలు పడ్తయి.
మేకప్ కుర్చీ కింద, నేల మీద, ముడుచుకొని.
మెతుకు రాలనియ్య.
ఎంటిక మిగలనియ్య.
పొద్దు పొడవకముందే నేల తుడిచి బయట నిలబడ్త,
ఓనరు టార్చి ఏసి ఎతికినా దొరకకుంట.
ఎలుకలకు గంత తెలివి యాడిది, పాపం.

లైట్లు ఆర్పి ఆ రాత్రి గట్లనే ఒరిగిన.
నిద్ర పట్టబోతుంటే
గోడల గీరుతున్న సప్పుడు.
ఫ్రిజ్ ఎన్క. ఆగి, మళ్లా.
ఆడికెల్లి సన్నగ పుదీనా వాసన.

అన్ని సందులు బయటికెల్లి మూసిన కద,
లోపలున్నది లోపలనే ఉండె.

లేచి తలుపు బార్ల తీసిన.
బయట మళ్లా వాన సురువైంది,
మెట్టు మీద నీళ్లు చిందుతున్నయి.
"పో" అన్న.
పెన్సిల్‌తోని గోడను రెండు మాట్ల కొట్టిన.

అది రాలే.
నేను పోలే.