చేపలబండి

ఫిషింగ్ హార్బర్‌లో పదకొండేళ్లు ఐసు మోసిన బండి.
లక్షా నలభై వేలకి కొన్నాడు మా దాలినాయుడు,
నన్నడక్కుండా.
వారం రోజులు మాట్లాడలేదు నేను.
ఎనిమిదో రోజు సున్నం, వేపాకు, నిమ్మతొక్కలు వేసి కడిగాను.
వాసన పోలేదు. కోపమే పోయింది.

రేకుకి కట్టర్‌తో రెండు కిటికీలు కోశాడు.
మొదటిది తిన్నగా వచ్చింది.
రెండోది కోస్తుంటే కరెంటు పోయి వచ్చిందట, వంకర.
అటు కూర్చుంటే పొలాలన్నీ
సముద్రంలోకి జారిపోతున్నట్టుంటాయి.
అదే నా సీటు.

ఒక మంచం, పగలైతే అదే బల్ల.
చిన్న గ్యాసుపొయ్యి. మూడు టిన్నుల నీళ్లు.
గాజువాక దాటేసరికే
గిన్నెలన్నీ నా ఒళ్లోకి వచ్చి కూర్చున్నాయి.

ఆనందపురంలో బంతిపూల మూటల మధ్య ఇరుక్కున్నాం.
ఒకామె తట్ట దించి రేకు మీద తట్టింది:
"కానాగంతలున్నాయేటమ్మా?"
పద్మనాభంలో ఇద్దరు అడిగారు.
పాండ్రంగి దారిలో ఒక ముసలాయన,
సైకిలు దిగి, సత్తుగిన్నె పట్టుకుని.
లేవయ్యా చేపలు, మనుషులమే అంటే
నమ్మక లోపలికి తొంగిచూశాడు.
మంచం మీద మడతపెట్టిన నా చీర చూసి
సిగ్గుపడి
గిన్నె వెనక్కి దాచుకున్నాడు.

ఇరవయ్యెనిమిదేళ్లు ఉక్కు ఫ్యాక్టరీ
నాకిచ్చిన మొగుడు మూడు ముక్కలు:
ఏ షిఫ్టు, బి షిఫ్టు, సి షిఫ్టు.
కిటికీలకి దుప్పట్లు కట్టి పగటిని రాత్రి చేసేదాన్ని.
కుక్కరు విజిల్‌ని కొంగుతో పట్టుకునేదాన్ని.
నేను నడుం వాల్చే వేళకి
ఆయన టిఫిను డబ్బా గేటు దాటేది.
ఇద్దరం ఒకే చీకట్లో నిద్రపోయిన రాత్రులు
ఎప్పుడూ లెక్కపెట్టలేదు గానీ
పెడితే
లెక్కకి అందేవే.

గోస్తనీ ఒడ్డున, సరుగుడు తోట పక్కన బండి ఆపాం.
జీడిమామిడి చెట్ల కింద ఎండుటాకులు.
కోత అయిన మళ్లలో మినుము మొలక,
ఇంకా పచ్చ అనడానికి లేదు, అనకుండా ఉండడానికీ లేదు.
ఎంత దూరం చూసినా చూపుకి అడ్డు లేదు.
తాటిచెట్లున్నాయి గానీ
అవి దారివ్వడానికి పక్కకి తప్పుకున్నట్టే ఉన్నాయి.
చారు, ఎండు రొయ్యల వేపుడు.
ఆ వాసన ఆ బండిలో ఎవరికి తెలుస్తుంది?

రాత్రి గాలికి తలుపు పడింది.
చేపలపెట్టె కదా, గడియ బయటే ఉంటుంది.
అదొక్కటీ ఆలోచించలేదు ఆ మహానుభావుడు.
గుద్దాం. అరిచాం.
కాసేపు నవ్వాం, తర్వాత మానేశాం.
వంకర కిటికీలోంచి చెయ్యి పెడితే
మోచెయ్యి దాకానే పోయింది.
"పొద్దున్న ఎవరో ఒకరు చేపలకొస్తార్లే" అన్నాడు.

తొమ్మిదింబావుకి నిద్రలో లేచి కూర్చున్నాడు.
కాళ్లతో చెప్పుల కోసం తడిమాడు.
సి షిఫ్టు టైము.
"గేటు మూసేశారు, పడుకో" అన్నాను.
పడుకున్నాడు.
అంత సులువుగా నా మాట వినడం ఎప్పుడూ చూళ్లేదు.

ఆయన పగటి గురక నాకు తెలుసు.
ఆటోల మధ్య, ఫ్యాను చప్పుట్లో, తెగి తెగి వచ్చేది.
రాత్రి గురక వేరు.
దానికి అడుగుంది.
రేకు ఎక్కడో టిక్కుమంటూ చల్లారుతోంది.
నది ఉందో లేదో, చప్పుడే లేదు.
ఎంతసేపు విన్నానో తెలీదు.

తెల్లారి గడియ తీసింది ఒక మేకల పిల్ల.
పన్నెండేళ్లుంటాయేమో, చేతిలో తుమ్మకొమ్మ.
మమ్మల్ని చూసి బెదరలేదు.
మా వెనక్కి, మంచం కిందకి, మూలలకి చూసింది.
"చేపలేవి?"
దాలినాయుడు తల గోక్కుని
"రేపు తెస్తాం" అన్నాడు.

తేవాలి మరి, మాటిచ్చాడు కదా.
భీమిలి ఎంతో దూరం లేదు.
ఐసు కొనాలి, తూకం రాళ్లు ఎవరినైనా అడగాలి.
లోపలివైపుకి ఒక గడియ కూడా కొనాలి.

దారిలో రెండు ఇనుప సామాన్ల కొట్లు వచ్చాయి.
నేను గుర్తు చెయ్యలేదు.